ఇంకేం రాశాడు?

మా నల్లరేగడి ఊళ్లలో పేపరును మనిషిని చేసి మాట్లాడతారు. "ఇయ్యాల పేపర్లో ఏం రాశాడు?" అంటారు. రాసింది ఒక్కడు కాదని అందరికీ తెలుసు. విలేకరులున్నారు, సబ్ ఎడిటర్లున్నారు, అచ్చాఫీసులో రాత్రంతా మేలుకునే వాళ్లున్నారు. అయినా ఏకవచనమే. దూరాన ఎక్కడో మన మనిషి ఒకడు దీపం పెట్టుకు కూర్చుని, తెల్లారేలోగా మనందరికీ కలిపి ఒక ఉత్తరం రాసి పంపినట్టు. ఆ ఉత్తరం వచ్చి దిగే చోటు పేపరు కొట్టు. ఏటికి పాట ఉంది, చేనుకి పాట ఉంది, ఏతానికి పాట ఉంది, ఎద్దుకి కూడా పాట ఉంది. నాలుగు చెక్కల ఆ కొట్టుకి మాత్రం ఎవరూ పాట కట్టలేదు. ఈ మాటలు ఆ బాకీ కింద జమ.

*

పేపరు కొట్టూ, నిన్ను ఏ ఊళ్లో చూశానని చెప్పను? చిలకలూరిపేట ఎన్నార్టీ సెంటర్లో చూశాను. నరసరావుపేట బస్టాండు గేటు దగ్గర చూశాను. గుంటూరు శంకర్ విలాస్ సెంటర్లో, ఒంగోలు ట్రంకు రోడ్డు మీద, చీరాల స్టేషను బయట, అద్దంకిలో, మార్టూరులో, వినుకొండలో చూశాను. ఊరు మారినా నీ వేషం మారదు. పైన ఒక రేకు. కింద ఒక బల్ల. బల్ల కింద ఇటుకలు, వాన నీళ్లు కాగితానికి అంటకుండా. ఈ గుంజ నుంచి ఆ గుంజకి ఒక పురికొస, దానికి బట్టల క్లిప్పులతో వేలాడే పత్రికలు. గాలి వస్తే అవన్నీ ఒక్కసారి లేచి, పత్తి చేలో పింజలు కదిలినట్టు కదులుతాయి.

నీకు తలుపు లేదు. అందుకే నీ దగ్గరికి రావడానికి ఎవరూ చెప్పులు విప్పక్కర్లేదు, ఎవరినీ అడగక్కర్లేదు. కుర్చీ కూడా లేదు. మా సీమ లోకాన్ని నీ ముందు నిలబడే చదివింది. ఒక చేత్తో సైకిలు పట్టుకుని చదివింది. భుజాన పురుగుమందు పంపు దించకుండా చదివింది. బస్సు హారన్ కొడుతుంటే ఒక కాలు ఇటు, ఒక కాలు అటు వేసి చదివింది. కొన్నవాడు చదివాడు. కొన్నవాడి భుజం మీదుగా కొననివాడూ చదివాడు. నువ్వు ఇద్దర్నీ ఒకేలా చూశావు.

*

నీ పొద్దు మా పొద్దు కంటే ముందు పొడుస్తుంది.

కోడి ఇంకా గొంతు సవరించుకోలేదు. రోడ్డు మీద కుక్కలు తప్ప ఎవరూ లేరు. చిలకలూరిపేటలో ట్రంకు రోడ్డు మీద లారీల లైట్లు మద్రాసు వైపు కొన్ని, కలకత్తా వైపు కొన్ని పారుతుంటాయి. అప్పుడొస్తుంది వ్యాను, విజయవాడ నుంచో గుంటూరు నుంచో. ఆగీ ఆగకుండానే కట్టలు కిందికి జారతాయి. ధబ్ ధబ్‌మని ఆ చప్పుడు సెంటరంతా వినిపిస్తుంది. కల్లంలో మిరపకాయ టిక్కీ బస్తా దించినా ఇట్లాగే చప్పుడవుతుంది. బరువైన దేనికైనా మా ఊళ్లో ఒకటే గొంతు.

కొట్టు పెద్దాయన దగ్గర పిడి విరిగిన కొడవలి ముక్క ఒకటి ఉంటుంది. కట్ట మీద తాడుని దాంతో ఒక్క లాగు లాగుతాడు. పై కాగితం చినగ్గానే లోపలి నుంచి కొత్త సిరా వాసన వస్తుంది. తొలకరికి రేగడి నేల పైకి విడిచే ఆవిరిలాగా అది కూడా ఆ రోజుకి ఒక్కసారే వస్తుంది. ఆయన బొటనవేలు తడి చేసుకుని అంచు పట్టుకుంటాడు. "లాభం... రెండు... మూడు..." అని లెక్కపెడతాడు. ధాన్యం కొలిచినా, కాయ కొలిచినా మా పెద్దవాళ్లు ఒకటి అనరు, లాభం అంటారు. ఆ మొదటి పేపరుకి కూడా ఆయన లాభం అనే పేరు పెట్టాడు. ఆయనకి దాని మీద మిగిలే పైసలెన్నో ఆయనకి తెలుసు. అయినా లాభమే.

మెయిన్ పేపరు వేరే కట్ట, జిల్లా పేపరు వేరే కట్ట. కుర్రాళ్లు నేల మీద గోనెపట్టా పరుచుకుని గుండ్రంగా కూర్చుంటారు. దాన్ని ఇందులో దోపడం, దులపడం, మడవడం. ఇంకా మీసం రాని పిల్లలు. పదో తరగతో, ఇంటరో చదువుతుంటారు. ఫీజు కోసమో, ఇంట్లో అమ్మకి ఆసరా కోసమో వస్తారు. వాళ్ల బొటనవేళ్లు నల్లగా ఉంటాయి. మా అక్కచెల్లెళ్ల వేళ్లు మిరపకాయల ముచ్చికలు తుంచి ఎర్రగా మండుతుంటాయి. మా సీమలో వేళ్లకి ఏదో ఒక రంగు అంటుకోకుండా పిల్లలు పెద్దవాళ్లు కావడం లేదు.

తర్వాత సైకిళ్లు బయల్దేరతాయి. హ్యాండిలుకి సంచి, క్యారేజీ మీద కట్ట. రెండో అంతస్తుకి పేపరు విసరాలంటే దాన్ని ఎట్లా మడవాలో, వాన రోజున గుమ్మంలో ఎక్కడ దోపాలో, ఏ ఇంట్లో ముసలాయన గేటు దగ్గరే కాచుకుని ఉంటాడో వాళ్లకి తెలుసు. ఊరు కళ్లు తెరిచేసరికి లోకం గుమ్మంలో ఉంటుంది. తెచ్చినవాడు అప్పటికే బడికి తయారవుతుంటాడు.

పేపరు పిల్లలారా, మీ సైకిలు చక్రాల మీద తెల్లారిన ఊళ్లెన్నో! మీకు నా నమస్కారం.

*

1990 ఫిబ్రవరి. నాకు పదేళ్లు. ఎకరన్నర చేను కాయ కోసి, కల్లంలో ఎండబోసి, టిక్కీలు తొక్కించి మా తాత గుంటూరు తోలడానికి సిద్ధమవుతున్నాడు. తోలేముందు రేటు తెలియాలి. నన్ను వెంటబెట్టుకుని పేట సెంటరుకొచ్చాడు. ఆయనకి వేలిముద్రే గాని సంతకం లేదు. కొట్టు ముందు నిలబడి పేపరు కొని నా చేతికిచ్చి, "అబ్బాయా, కాయ రేటు చదువు" అన్నాడు.

నేను వెతికాను. మార్కెట్ ధరల గడిలో మిర్చి దొరికింది. సన్నాలు ఇంత నుంచి ఇంత, తాలు ఇంత. తాత కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. క్వింటాళ్లని రేటుతో, రేటుని అప్పుతో, అప్పుని వడ్డీతో కలిపి తీసేసి మళ్లీ కలుపుతున్నాడు. ఆ లెక్క తేలడానికి కొంచెంసేపు పట్టింది. తేలాక ఆయన ముఖంలో సంతోషమూ లేదు, దిగులూ లేదు. కండువా దులిపి భుజాన వేసుకుని, "సరేలే. ఇంకేం రాశాడు?" అన్నాడు.

మొదటి పేజీ తిప్పాను. ఒక నల్లటి మనిషి ఫొటో. పిడికిలి పైకెత్తి నడుస్తున్నాడు, పక్కన భార్య. దక్షిణాఫ్రికాలో నెల్సన్ మండేలాను జైలు నుంచి విడుదల చేశారని చదివాను.

"ఎన్నేళ్లు లోపలేశారంట?"

"ఇరవై ఏడేళ్లు తాతా."

తాత నా చేతిలో పేపరు తన వైపు తిప్పుకున్నాడు. ఆ బొమ్మని చాలాసేపు చూశాడు. అక్షరం రాని మనిషి బొమ్మని చదివినట్టు చదివాడు. "ఇరవై ఏడేళ్లా!" అన్నాడు. "బయటికొచ్చి ఏమన్నాడో చదువు." చుట్టూ ఉన్న నలుగురూ దగ్గరికి జరిగారు. టీ గ్లాసుతో ఒకాయన, బస్సు కోసం వచ్చిన మాస్టారు, పత్తి మిల్లు కూలీ ఒకతను. నేను గట్టిగా చదివాను. మిరప కల్లం నుంచి వచ్చిన ఒక ముసలి రైతుకి ఆఫ్రికా ఖండం చివర ఒక మనిషి స్వేచ్ఛతో పనేముంది? ఆయన దాన్ని వెతుక్కుంటూ రాలేదు. అయినా ఇంటికి తిరిగి వెళ్లేటప్పుడు దారంతా ఆయన నాతో రేటు సంగతి మాట్లాడలేదు, ఆ మనిషి సంగతే మాట్లాడాడు.

పేపరు కొట్టూ, నీ మహిమ నాకు ఆ రోజు తెలిసింది. నీ దగ్గరికి ఒక దానికోసం వస్తాం. వెళ్లేటప్పుడు అడగనిది కూడా చేతిలో పెట్టి పంపిస్తావు.

*

ఈ సీమకి నువ్వు ఊరికే రాలేదు. నీ వెనక పెద్ద ప్రయాణమే ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా మొదలుపెట్టారు. 1914లో అది మద్రాసుకొచ్చి దినపత్రిక అయింది. బందరు నుంచి 1902లోనే కృష్ణాపత్రిక వచ్చింది. 1938లో మద్రాసు నుంచి ఆంధ్రప్రభ వచ్చింది. అవన్నీ రైలెక్కి వచ్చేవి. తెనాలిలోనో బాపట్లలోనో ఒంగోలులోనో కట్టలు దిగి, అక్కడి నుంచి బండ్ల మీద, సైకిళ్ల మీద పల్లెలకి చేరేసరికి వార్త చల్లారేది. అయినా రచ్చబండ మీద ఒకరు చదివితే పాతికమంది వినేవాళ్లు. చీరాల పేరాల ప్రజలు ఊళ్లు విడిచి రామనగరం పాకల్లో కాపురం పెట్టింది, పెదనందిపాడు రైతులు పన్ను కట్టం పొమ్మన్నది, పల్నాటి అడవిలో కన్నెగంటి హనుమంతు నేలకొరిగింది ఇట్లాగే ఊరూరా పాకింది.

మా పక్క జిల్లా పేరులోనే ఒక పత్రిక దాగి ఉంది. ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం గారు మద్రాసులో బారిస్టరుగా రెండు చేతులా సంపాదించారు. ఆ ప్రాక్టీసు వదిలేసి 1921లో స్వరాజ్య పత్రిక పెట్టారు. ఇంగ్లీషులో, తెలుగులో, తమిళంలో నడిపారు. తన సంపాదన అందులో కరగబోశారు. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి ముక్కలు తీసి ఒంగోలు జిల్లా చేసి, 1972లో దానికి ఆయన పేరు పెట్టారు. కోటలు కట్టిన వాళ్ల పేర్లు, కాలవలు తవ్వించిన వాళ్ల పేర్లు జిల్లాలకుంటాయి. పేపరు కోసం ఉన్నదంతా ఖర్చుపెట్టుకున్న మనిషి పేరు పెట్టుకున్న జిల్లాలో నువ్వు నిలబడి ఉన్నావు. ఇక నీ వంశం తక్కువదని ఎవరంటారు?

స్వాతంత్ర్యం వచ్చాక విజయవాడ అచ్చాఫీసుల ఊరైంది. 1952లో విశాలాంధ్ర, 1960లో నార్ల వెంకటేశ్వరరావు గారి సంపాదకత్వంలో ఆంధ్రజ్యోతి. 1974లో విశాఖలో పుట్టిన ఈనాడు పొద్దు పొడవకముందే గుమ్మంలో పేపరుండాలని పట్టుబట్టింది. రైలు వేళని బట్టి తెల్లారే ఊరు అప్పటి నుంచి పేపరు వేళని బట్టి తెల్లారింది. 1989లో ఈనాడు జిల్లా పేపర్లు మొదలుపెట్టాక ఇంకో వింత జరిగింది. అంతవరకూ పేపర్లో ఢిల్లీ ఉండేది, హైదరాబాదు ఉండేది. ఇప్పుడు పర్చూరు వచ్చింది, సంతమాగులూరు వచ్చింది, నాదెండ్ల వచ్చింది. మా ఊరి చెరువుకి గండి పడిన వార్త అచ్చులో చూసిన రోజు కొట్టు ముందు జాతర. ఆ నాలుగు లైన్లు చదవడానికి ఊరు ఊరంతా కదిలొచ్చింది. అచ్చులో ఊరిపేరు చూసుకున్న జనం ఆ రోజు నుంచి కాస్త నిటారుగా నిలబడ్డారు.

*

ఒకే పురికొస మీద ఎన్ని గొంతులు! ఎర్రజెండా పేపరు పక్కనే పచ్చజెండాని మెచ్చే పేపరు. దాని పక్కన దాన్ని తిట్టే పేపరు. ప్రజాశక్తి, ఆంధ్రప్రభ, వార్త, సాక్షి, జ్యోతి, ఈనాడు, అన్నీ భుజం భుజం రాసుకుని వేలాడతాయి. అభిమానంతో ఒకదాన్ని కొనేవాడు కూడా దానికోసం చెయ్యి చాచేలోగా మిగతా అయిదింటి హెడ్డింగులు చదవక తప్పదు. ఒప్పుకోడు. గొణుక్కుంటాడు. పక్కవాడితో వాదన పెట్టుకుంటాడు. కానీ అవతలివాడు కూడా ఒక మాట అంటున్నాడని తెలుసుకునే ఇంటికెళతాడు. ఎన్నికల మర్నాడు, అసెంబ్లీ గొడవల మర్నాడు ఎంత అరుపులున్నా, మా ఊళ్లో ఆ వాదనలు సగం నీ ముందే మొదలై నీ పక్క టీ కొట్టులో చల్లారాయి.

టీ కొట్టులో కొందరికి వేరే గ్లాసు పెట్టిన కాలం ఒకటి ఈ నేల మీద గడిచింది. ఆ సిగ్గు మనందరిదీ. కానీ అప్పుడు కూడా పేపరుకి రెండు రకాలు లేవు. ఊళ్లో ఉన్నవాడికీ, మాలపల్లెలో ఉన్నవాడికీ అదే కాగితం, అదే సిరా. 1985 జూలై 17న కారంచేడులో దళితుల్ని వెంటాడి చంపారు. బతికినవాళ్లు చీరాలకి వచ్చి శిబిరంలో తలదాచుకున్నారు. ఆ వార్త వచ్చిన పొద్దున కొట్ల ముందు నిలబడ్డ జనం గురించి మా నాన్న చెప్పేవాడు. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదట. చదివి, పేపరు మడిచి, మాట లేకుండా వెళ్లిపోయారట. ఊరు తన ముఖం తాను చూసుకోవలసిన రోజున అద్దం పట్టుకుని నిలబడ్డావు. అది చిన్న పని కాదు.

*

మాకు నువ్వు వానదేవుడి కబురు కూడా మోశావు. మాఘమాసంలో కల్లాలన్నీ ఎర్ర తివాచీలు పరిచినట్టుంటాయి. ఏడాది కష్టం ఆకాశం కింద ఆరబోసి ఉంటుంది. అప్పుడు పేపర్లో బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట కనపడితే చాలు. చదివిన మనిషి పేపరు బల్ల మీదే వదిలేసి పట్టాల కోసం పరిగెత్తేవాడు. సాగర్ కుడి కాలవకి నీళ్లు ఎప్పుడొదులుతారన్న వార్త కోసం కళ్లు కాయలు కాసేలా చూసినవాళ్లూ నీ ముందే చూశారు. 1967లో ఆ కాలవకి మొదటి నీళ్లొచ్చిన కబురు మా పెద్దలకి పెళ్లి కబురంత తీపి. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెన దివిసీమని ముంచి, రేపల్లె, బాపట్ల తీరాన్ని కొట్టి వెళ్లిన తర్వాత, పోయినవాళ్ల కోసం వేలు పెట్టి పేపర్లో వెతికిన మనుషుల్ని కూడా నువ్వు చూశావు.

1980ల నడుమ పత్తి ఆకుల వెనక తెల్లదోమ బూడిద చల్లినట్టు కమ్మింది. మా నాన్న చేలోంచి ఒక ఆకు తెంపి జేబులో పెట్టుకుని కొట్టుకొచ్చేవాడు. అన్నదాత పత్రిక తెరిచి పురుగుల బొమ్మల పక్కన ఆ ఆకు పెట్టి పోల్చి చూసేవాడు. ఇదా, అదా అని. కొట్టు పెద్దాయన "చూసుకోవయ్యా, కొనకపోయినా పర్లేదు" అనేవాడు. ఆ ఆకుపచ్చ మరక పడ్డ పేజీతో పత్రికని ఆయన మళ్లీ బల్ల మీద పెట్టి అమ్ముకోవాలి. అయినా అన్నాడు ఆ మాట. 1987-88లో ప్రకాశం జిల్లా పత్తి రైతులు చేనుకి తెచ్చిన మందే తాగిన వార్తలు ఒకదాని వెనక ఒకటి వస్తుంటే, మా నాన్న పేపరు కొని ఇంటికి తెచ్చేవాడు కాదు. అమ్మ చూస్తుందని అక్కడే నిలబడి చదివేసి వచ్చేవాడు. ఇంటి గుమ్మం దాటనివ్వని దుఃఖాల్ని నువ్వు నీ రేకు కింద ఉంచుకున్నావు.

*

అమ్మ ఒక్కనాడూ కొట్టు దగ్గరికి రాలేదు. ఆడవాళ్లు సెంటర్లో నిలబడి పేపరు చూసే రోజులు కావవి. కానీ కొట్టే అమ్మ దగ్గరికొచ్చింది. వీక్లీ వచ్చే రోజు నాన్న పంచె మడతలో దాన్ని చుట్టుకుని తెచ్చేవాడు. ఆంధ్రప్రభ వీక్లీ, విజయవాడ నుంచి స్వాతి. ప్రమదావనం శీర్షికలో మాలతీ చందూర్ చెప్పిన కబుర్లు, యద్దనపూడి సులోచనారాణి సీరియల్లో పోయినవారం గుమ్మం దగ్గర ఆగిపోయిన కథానాయిక. అమ్మ చదివాక పక్కింటి పిన్ని, పిన్ని తర్వాత వెనకింటి అత్తయ్య. ఒక్క ప్రతి ఏడిళ్లు తిరిగి, అట్ట ఊడి, చివరికి మళ్లీ మా ఇంటికే చేరేది. అప్పుడు అమ్మ సీరియల్ పేజీలు జాగ్రత్తగా చింపి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టేది. పైన వడ్డాది పాపయ్య బొమ్మ ఉన్న పాత యువ పత్రిక అట్ట అతికించేది. మా ఇంట్లో పుస్తకాల బీరువా లేదు. ట్రంకు పెట్టెలో పట్టుచీర మడతల మధ్య అమ్మ కుట్టిన పుస్తకాలు ఏడుండేవి. పత్తి ఏరి వచ్చిన వేళ్లతో, దీపం దగ్గర కూర్చుని, ఒక రైతు భార్య తన గ్రంథాలయాన్ని తానే కుట్టుకుంది.

పిల్లలకి నువ్వు చందమామవి. 1947 జూలైలో పుట్టిన ఆ పత్రికని నాగిరెడ్డితో కలిసి పెట్టిన చక్రపాణి మా తెనాలి మనిషే. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా దాన్ని దిద్దిన కొడవటిగంటి కుటుంబరావు గారిదీ తెనాలే. విక్రమార్కుడు చెట్టెక్కి శవాన్ని దించి భుజాన వేసుకునే బొమ్మ చూడాలని, నెల మొదట్లో రోజూ బడి నుంచి వస్తూ "వచ్చిందా?" అని అడిగే పిల్లల్లో నేనూ ఒకణ్ణి. "రాలేదురా అబ్బాయా" అని చెప్పేటప్పుడు కొట్టు పెద్దాయన గొంతులో నిజంగానే బాధ ఉండేది. వచ్చిన రోజున దూరం నుంచే చెయ్యి ఊపేవాడు.

ఇంకా ఎన్నో నీ ఒడిలో. ఉగాది ముందు గంటల పంచాంగాలు. ఎక్కాల పుస్తకాలు, పెద్దబాలశిక్షలు. గులాబీరంగు కాగితం మీద సినిమా పాటల పుస్తకాలు. ఉద్యోగాల పేపరు కోసం వారం వారం వచ్చే డిగ్రీ అన్నలు. వాళ్ల జేబులో డబ్బులు తక్కువ, కళ్లలో ఆశ ఎక్కువ. పదో తరగతి రిజల్ట్స్ పేపర్లో వచ్చిన కాలంలో ఆ రోజున నువ్వు గుడివే. సన్న అక్షరాల్లో బారులు తీరిన నంబర్లు. హాల్ టికెట్టు చేత పట్టుకుని, ఒక కుర్రాడి వేలు ఆ బారు వెంట కిందికి జారుతుంది. వేలు ఆగుతుంది. ఊపిరి ఆగుతుంది. "నంబరు పడింది!" అన్న కేకకి సెంటరంతా నవ్వుతుంది. పడనివాడు పేపరుని రెండో పేజీ తిప్పి, మూడో పేజీ తిప్పి, మళ్లీ మొదటికొచ్చి వెతుకుతాడు. కొట్టు పెద్దాయన వాడి దగ్గర డబ్బులు తీసుకోడు. "సెప్టెంబరులో రాద్దువులేరా" అంటాడు. ఆ మాట ఆ రోజు ఇంకెవరూ అనరని ఆయనకి తెలుసు.

*

పేపరు బతుకు ఒక్క పూట అంటారు. నిజమే. మర్నాటికి అది కాంటా ఎక్కి, కిలోల లెక్కన పోయి, శనగల పొట్లమవుతుంది. మిరపకాయ బజ్జీ నూనె పీల్చుకుని, అక్షరాలు పారదర్శకమై, వెనక పేజీ వార్త ముందుకొస్తుంది. బజ్జీ తినేసి ఆ నూనె కాగితం చదివినవాళ్లున్నారు మా ఊళ్లో. పొట్లంలో చిరిగిన వార్త చివర ఏమైందో తెలియక రాత్రంతా ఆలోచించినవాళ్లున్నారు. బడి పుస్తకానికి అట్ట, అల్మారా అరల్లో పరుపు, చివరికి పొయ్యిలో మంట. మా సీమలో ఏదీ ఒక్కసారికే అయిపోదు. పత్తి తీసిన మోళ్లు పొయ్యిలోకొచ్చినట్టే అక్షరం కూడా చివరి వేడిదాకా పనికొస్తుంది.

కానీ అదే కాగితం నూరేళ్లు బతికిన చోటు కూడా మా దగ్గరే ఉంది. చీరాల పక్కన వేటపాలెంలో సారస్వత నికేతనం. 1918లో యువకులు పెట్టుకున్న గ్రంథాలయం. 1929లో గాంధీజీ వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశారు. అక్కడ పాత పత్రికల సంపుటాలు బీరువాల్లో వరసగా ఉన్నాయి. ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు వస్తారు. పసుపు పచ్చబారి, అంచులు విరిగే కాగితాన్ని ఊపిరి బిగబట్టి తిప్పుతారు. నేనూ ఒకసారి తిప్పాను. ఒక పాత పేపరు మూల ఎవరిదో సిరా అంటిన బొటనవేలి గుర్తు. నూరేళ్ల కిందట ఎవరో నాలాగే ఒక వార్త మీద వేలు పెట్టి ఆగారు. చేనేత మగ్గాల ఊరు అది. దారాన్ని దారంతో కలిపే చేతులు రోజుని రోజుతో కలిపి దాచాయి. ఒక్క పూట వస్తువుకి నూరేళ్ల ఆయుష్షు పోసిన ఆ ఊరికి వెయ్యి దండాలు.

*

ఇప్పుడు నీ బల్ల చిన్నదైంది. పురికొస మీద ఖాళీలు కనపడుతున్నాయి. చందమామ ఎన్నడో ఆగింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి, చేతి నుంచి చేతికి కాగితం అందుకోవడానికే జనం భయపడ్డారు. ఆ మరుసటి ఏడాది 2021లో విపుల, చతుర పత్రికలు ఆగిపోయాయి. పత్రికలుండే చోట ఇవాళ నీళ్ల సీసాలు, చిప్స్ ప్యాకెట్లు. కట్టలు దిగే చప్పుడులో మునుపటి బరువు లేదు. పారిస్ వీధుల్లో ఆకుపచ్చ పత్రికల గూళ్లకీ, నీకూ ఒకటే కష్టమొచ్చింది.

ఫోన్‌ను తిట్టడానికి నాకు నోరు రాదు. మిర్చి యార్డులో ఇవాళ ఎన్ని టిక్కీలొచ్చాయో, తేజ రకం ఎంత పలికిందో, 334 రకం ఎంత ఆడుతోందో రైతుకి కల్లంలోనే తెలుస్తోంది. మా తాత పేట దాకా నడిచి, నిన్నటి రేటు తెలుసుకుని, ఇవాళ్టి బేరంలో నష్టపోయిన రోజులున్నాయి. ఆ కష్టం తీరింది. మంచిదే. కానీ ఫోను అడిగినదానికే జవాబు చెబుతుంది. నిన్న ఏది చూశామో దాన్నే ఇవాళ ఇంకాస్త చూపిస్తుంది. పక్కవాడి భుజం మీదుగా చదివే చోటు అందులో లేదు. రేటు చెప్పి ఊరుకుంటుంది. ఇంకేం అని అడిగే పూచీ మన మీదే వదిలేస్తుంది. మనం అడగడం మానేస్తున్నాం.

*

మొన్న ఫిబ్రవరిలో ఊరికెళ్లి, చీకటితోనే లేచి సెంటరుకి వచ్చాను. గాలిలో కాయ ఘాటు. గొంతులో చిన్న దగ్గు. మా సీమ వాడికి ఇంటికొచ్చినట్టు తెలిసేది ఆ దగ్గుతోనే. కొట్టు తెరిచే ఉంది. పెద్దాయన లేడు, ఆయన కొడుకు కూర్చున్నాడు. కొడవలి ముక్క మాత్రం అదే. కట్ట విప్పి, వేలు తడి చేసుకుని, "లాభం" అన్నాడు. నాకు కాళ్లు కదల్లేదు.

పేపరు కొని నిలబడే తెరిచాను. అట్లా తెరిస్తేనే నాకు చదివినట్టుంటుంది. పక్కన ఒక ముసలి రైతు వచ్చి నిలబడ్డాడు. కంటి ఆపరేషను కొత్త, నల్లద్దాలు. చొక్కా జేబులో గాజు పగిలిన ఫోను వెలిగి ఆరింది.

"అబ్బాయా, కాస్త చదివి పెడతావా?"

నేను అలవాటుగా జిల్లా పేపరు లాగి మార్కెట్ ధరల గడి వెతకబోయాను. ఆయన చెయ్యి అడ్డంపెట్టాడు. కాయ ఏరి ఏరి గరుకెక్కిన అరచెయ్యి.

"రేటు మావాడు ఫోన్లో చెప్పాడులే," అన్నాడు. "ఇంకేం రాశాడు?"

నేను మొదటి పేజీ తిప్పాను.